అన్న తెస్తానంటున్న బ్యాటా, సార్ అమ్ముతానంటున్న బ్యాటా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఆఫీసు పేరు వేయొద్దన్నారు. వయసు 37, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఆరో తరగతి చదివే పాప ఉంది. స్కూలు రోజుల్లో నిజామాబాద్ జిల్లాలో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడారు, మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్. ఇంటర్ తర్వాత ఆట మానేశారు. పోయినేడు ఆఫీసు వాళ్లు, కాలనీ వాళ్లు, పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు కలిసి ఆరు టీములు కట్టుకున్నారు. ఆడా మగా కలిసే టీములు, ప్రతి ఆదివారం మ్యాచ్. బంతిని పైకి లేపి మెల్లగా వేసే స్లో పిచ్ పద్ధతి. ఈమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కానీ బ్యాటింగ్‌కు దిగితే కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ బంతి వేసే పిచ్చర్ దగ్గరికో, మూడో బేస్ దగ్గరికో పోతుంది. కొట్టాక మొదట చేరాల్సిన ఫస్ట్ బేస్‌కు పరుగెత్తి చేరేలోపే అవుట్. "మళ్లా పిచ్చర్ చేతికే ఇచ్చినవా అక్కా" అని టీమ్‌లో పిల్లలు నవ్వుతున్నారట.

టీమ్‌కు ఉన్నది ఒకటే బ్యాట్, సొట్టలు పడిన అల్యూమినియం బ్యాట్. దాని బరువు ఎంతో ఎవరికీ తెలియదు. కెప్టెన్ ఆఫీసులో ఈమెకు పైఅధికారి కూడా. తన పాత కాంపోజిట్ (కార్బన్ పొరలతో చేసిన) బ్యాట్, 34 అంగుళాలు, 30 ఔన్సులు, ఎనిమిది వేలకు తీసుకోమని వారం వారం అడుగుతున్నారు. డాలస్‌లో ఉన్న అన్న దసరాకు వస్తూ 350 డాలర్ల బ్యాట్ తెస్తానంటున్నాడు, "లింక్ పంపు చాలు" అంటున్నాడు. భర్త ఆ ధర విని "ఆదివారం రెండు గంటల ఆటకు ముప్పై వేల కట్టెనా?" అన్నాడు. పాప మాత్రం "ఏది కొన్నా నాక్కూడా ఇవ్వాలి" అంటోంది. ఏ బ్యాట్ కొనాలి, సార్‌కు ఏమని చెప్పాలి, అన్నకు ఏమని రాయాలి, ఈ వయసులో అసలు ఇదంతా అవసరమా, ఆదివారం దగ్గరపడుతుంటే టెన్షన్‌గా ఉంటోంది అని ముగించారు.

ముందు ఆ చివరి ప్రశ్న పక్కన పెట్టేద్దాం. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆడుకోవడానికి మీరు ఎవరికీ కారణం చూపించక్కర్లేదు. దానికి ఇంతకంటే చోటు ఇవ్వను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మూడో బేస్ మాట. మీరు ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. నిజామాబాద్ వైపు స్కూళ్లలో ఆడేది ఫాస్ట్ పిచ్, బంతిని వేగంగా విసిరే పద్ధతి. డిచ్‌పల్లి దగ్గరి సుద్దపల్లి గురుకులం అమ్మాయిలు జాతీయ పోటీల దాకా వెళ్లి ఆడిందీ అదే ఆట. అందులో ఆడవాళ్లకు పిచ్చర్ నిలబడే దూరం 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. చెయ్యి గిర్రున తిప్పి వంద కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి అర సెకనులోపు మీ ముందుంటుంది. బంతి చేతిలోంచి వదిలిందో లేదో మీ ముందరి కాలు కదలాలి, లేకపోతే అంతే సంగతులు. ఆ అలవాటు మీ ఒంట్లో ఇరవై ఏళ్ల కింద పడింది. ఆట మానినా అది పోదు.

ఇప్పుడు మీరు ఆడుతున్నది వేరే ఆట. స్లో పిచ్‌లో బంతి కనీసం ఆరడుగుల ఎత్తు లేవాలి. పది అడుగుల దాకా లేచి కిందికి దిగుతుంది. చేతిలోంచి వదిలాక మీ దగ్గరికి రావడానికి సెకనుకు పైనే పడుతుంది. ఆ సెకను మీ ఒంటికి చాలా పెద్దది. బంతి ఇంకా గాల్లో ఉండగానే మీ బరువంతా ముందరి కాలి మీదికి వెళ్లిపోతుంది. ఇక మిగిలింది చేతులు మాత్రమే. వాటితో ఆఖర్లో గుంజి కొడితే బ్యాట్ బంతి నెత్తిన తగులుతుంది, బంతి దొర్లుకుంటూ ఎడమ వైపు పోతుంది. కుడిచేతి బ్యాటర్‌కు ఎడమ వైపంటే మూడో బేసే. బ్యాట్ బరువెక్కువై మీరు ఆలస్యంగా కొడుతుంటే బంతి కుడి వైపు, ఫస్ట్ బేస్ వైపు పోవాలి. మీరు రాసింది అది కాదు. మీరు కుడిచేత్తో కొడతారనుకునే ఇదంతా చెబుతున్నాను. ఎడమచేతి వాటమైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు బ్యాట్ మీదే నా అనుమానం.

కాబట్టి ఏ బ్యాట్ కొన్నా మొదటి నెల ఇదే జరిగే అవకాశం ఎక్కువ. ముప్పై వేల బ్యాట్‌తో కొట్టినా పిచ్చర్ చేతికే పోతే ఆ నవ్వు ఇప్పటికంటే గట్టిగా వినిపిస్తుంది. మీకు ఆదివారం టెన్షన్ తెచ్చిపెడుతున్నది ఆ నవ్వే అని నాకనిపిస్తోంది.

అయితే ఒక చిక్కుంది. బ్యాట్ మోయలేనంత బరువుంటే, దాన్ని సమయానికి తేలేమన్న భయంతో ముందే స్వింగ్ మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. మీరు ఆ రకమో కాదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. చెప్పేది ఒక సుద్దముక్క.

ఆదివారం అందరికంటే అరగంట ముందు వెళ్లండి, మీ పాపను తీసుకుని. టీమ్ బ్యాట్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. సుద్దను పొడి చేసి పాత బంతికి దట్టంగా రుద్దండి. పాప పక్క నుంచి, మీకు ఎదురుగా కాకుండా, మెల్లగా బంతి ఎగరేస్తే మీరు కంచె వైపు కొట్టండి. బ్యాట్ మీద కంపెనీ పేరు ఆకాశం వైపు ఉండేలా పట్టుకోండి. ఒక్కో దెబ్బకూ బ్యారెల్ (బ్యాట్ లావు భాగం) మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఐదారు దెబ్బలయ్యాక చూడండి. మచ్చలు బ్యాట్ చివర నుంచి బెత్తెడు దాటాక, జానెడు లోపు పడితే మీరు కొట్టాల్సిన చోటే కొడుతున్నట్టు. అంతకంటే పిడి వైపు పడితే, చేతులు జివ్వుమంటే, బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారు, లేదా బ్యాట్ పొడుగెక్కువ. అంచు చివర పడితే దూరంగా నిలబడుతున్నారు, లేదా పొట్టిది. మచ్చలు బ్యారెల్ మధ్యలో కాకుండా కింది అంచున పడుతుంటే బంతి నెత్తిన కొడుతున్నారు. అది సమయం గొడవ.

తర్వాత అదే పరీక్ష మ్యాచ్‌లో వేసినట్టు పైకి లేపి వేయించుకుని చేయండి. పక్క నుంచి ఎగరేసినప్పుడు మచ్చలు చక్కగా పడి, పైనుంచి దిగే బంతికి మాత్రం చెడితే బ్యాట్‌కు ఏ పాపం తెలియదు. బంతి పైకి లేచి మలుపు తిరిగి దిగడం మొదలయ్యేదాకా ముందరి కాలు కదలనివ్వకండి. రెండు రకాలుగానూ మచ్చలు చెదురుమదురుగా పడితే అప్పుడు బరువు సంగతి చూడాలి.

బరువు చూడటానికి రెండు పనులు చేయండి. బ్యాట్‌ను పిడి చివర ఒక్క చేత్తో పట్టుకుని, చెయ్యి చాచి, భుజం ఎత్తున పక్కకు నిలపండి. మెల్లగా ఇరవై లెక్కపెట్టండి. పది లోపే బ్యారెల్ కిందికి జారితే అది మీకు బరువు. రెండోది, ఆ బ్యాట్‌ను కిరాణా కొట్టు తూకం మీద పెట్టండి. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి. బ్యాట్ మీద ఔన్సులు అచ్చేసి ఉన్నా సరే తూచండి, చవక బ్యాట్ల మీద అంకెను నేను నమ్మను. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిలుకు. 24 ఔన్సులు 680 గ్రాములు, 26 అయితే 737, మీ సార్ బ్యాట్ 30 ఔన్సులు కాబట్టి 850 గ్రాములు. చదివితే నూరు గ్రాముల తేడానే, తిప్పితే తెలుస్తుంది.

దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో డ్రాప్ అనే మాట కనిపిస్తుంది. అంగుళాల్లో పొడవు లోంచి ఔన్సుల్లో బరువు తీసేస్తే వచ్చేదే అది. 33 అంగుళాలు, 23 ఔన్సులు అయితే డ్రాప్ మైనస్ 10. అంకె పెరిగేకొద్దీ బ్యాట్ తేలిక. కానీ బరువు ఎంత అనేది సగం సంగతే, ఎక్కడ ఉంది అనేది మిగతా సగం. గడ్డపారను మధ్యలో పట్టుకుని లేపినట్టు ఒక కొసన పట్టుకుని లేపలేం కదా, ఇదీ అంతే. బరువు చివర్లో కూర్చోబెట్టిన బ్యాట్లను ఎండ్ లోడెడ్ అంటారు. బలంగా, నిదానంగా తిప్పే పెద్ద ఒళ్లు వాళ్లకు అవి పనికొస్తాయి, బంతి దూరం పోతుంది. బరువు సమంగా పరిచిన వాటిని బ్యాలన్స్‌డ్ అంటారు. మీకు రెండోదే. దూరంగా నిలబడే అవుట్‌ఫీల్డ్ వాళ్లను దాటించడం మీ పని కాదు, బేస్‌ల దగ్గరుండే ఇన్‌ఫీల్డ్ వాళ్ల తల మీదుగా పడేస్తే చాలు.

మీ ఎత్తుకు, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టిన భుజానికి, నేను చూసేది 33 అంగుళాలు, 24 నుంచి 26 ఔన్సులు. స్లో పిచ్ కోసమని చేసే బ్యాట్లు చాలావరకు 34 అంగుళాలే ఉంటాయి. నిబంధనల ప్రకారం గరిష్ఠం కూడా అదే. అలాంటిది దొరికితే 25, 26 ఔన్సుల బ్యాలన్స్‌డ్ రకం పర్వాలేదు, అర అంగుళం పైకి పట్టుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఏమీ కొనకుండా ఉన్న బ్యాట్‌తోనే ఓ నెల ఆడటం. డబ్బు పోదు, అన్నకూ సార్‌కూ జవాబు చెప్పడానికి గడువు దొరుకుతుంది. చిన్న సొట్టలున్నా అల్యూమినియం బ్యాట్ ఆడటానికి పనికొస్తుంది. పగులు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, అంచు చేతిని కోస్తుంది, ముక్క లేచి ఎవరికైనా తగులుతుంది. చివరి మూత వదులైనా, ఊపితే లోపల గలగలమన్నా పక్కన పెట్టేయండి. పిడి మీద గ్రిప్ అరిగిపోయి ఉంటే టెన్నిస్ రాకెట్‌కు చుట్టే గ్రిప్ ఒకటి తెచ్చి చుట్టండి, ఖర్చు వందల్లో తేలుతుంది. పిడి జారుతుందన్న భయం పోతే సగం మంది స్వింగ్ దానంతటదే సర్దుకుంటుంది. ఈ దారిలో నష్టమల్లా ఆ నవ్వును ఇంకొన్నాళ్లు భరించడం.

రెండోది, ఇక్కడే ఒక మామూలు అల్యూమినియం బ్యాట్ కొనడం. ఆటసామాను కొట్లకు వచ్చే సరుకు ఎక్కువగా మీరట్, జలంధర్ నుంచి వస్తుంది. సాఫ్ట్‌బాల్ బ్యాట్ అడిగితే కొందరు బేస్‌బాల్ బ్యాట్ చేతిలో పెడతారు. కార్లలో సీటు కింద పెట్టుకోవడానికి అమ్మే బ్యాట్లు కూడా బేస్‌బాల్ పేరుతోనే తిరుగుతున్నాయి, వాటితో ఎవరూ ఏ ఆటా ఆడరు. టేపు పట్టుకెళ్లండి. సాఫ్ట్‌బాల్ బ్యాట్ బ్యారెల్ ఎంత లావున్నా రెండుంపావు అంగుళాలు, అంటే 5.7 సెంటీమీటర్లు దాటకూడదు. కొలవడం కుదరకపోతే చుట్టూ దారం చుట్టి చూడండి, 18 సెంటీమీటర్లు దాటితే వదిలేయండి. అల్యూమినియం కొన్న రోజు నుంచే పూర్తిగా పనిచేస్తుంది, టంగుమని మోగుతుంది, టీమ్‌లో పదిమంది వాడినా సొట్ట పడుతుంది తప్ప హఠాత్తుగా విరగదు. నష్టమేమిటంటే తేలికవి దొరకడం కష్టం. కొట్లో చెయ్యి చాచి ఇరవై లెక్కపెట్టకుండా మాత్రం కొనొద్దు.

మూడోది మీ సార్ బ్యాట్. పొడవు సర్దుకున్నా ఆ బరువు మీకు సరిపడదు. ఎనిమిది వేలకే కాదు, ఊరికే ఇచ్చినా సరిపడదు. పైగా పాత కాంపోజిట్ బ్యాట్ కొనడమంటే దాని లోపల ఎన్ని దెబ్బలు మిగిలున్నాయో తెలియకుండా కొనడం. కార్బన్ పొరలు లోపల విడిపోవడం మొదలైతే బయటికి కనిపించదు. మొదట్లో బంతి ఇంకా బాగా ఎగురుతుంది కూడా, తర్వాత ఒక రోజు డబ్‌మని చప్పుడు మారి పగులుతుంది.

నాలుగోది అన్న బ్యాట్. మంచి కాంపోజిట్ బ్యాట్‌తో కొడితే కలిగే హాయి వేరు, చేతికి అదురు రాదు. కానీ దానికి సేవ చేయాలి. కొత్తది మెత్తబడటానికి నూటయాభై, రెండొందల దెబ్బలు, ఒక్కో దెబ్బకూ బ్యాట్‌ను కాస్త తిప్పుతూ కొట్టాలి. చలిలో అది పెళుసెక్కుతుంది. 15 డిగ్రీల లోపు వాడొద్దని తయారీదార్లే చెబుతారు. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట మన దగ్గర అంత చలి ఉంటుంది, ఆదిలాబాద్ వైపు ఆడటానికి వెళ్తే చెప్పనక్కర్లేదు. మంచుకు తడిసిన గడ్డిలో దొర్లి నీళ్లు పీల్చిన బంతి ఇంకా చెరుపు. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేసినా అందులోని జిగురు దెబ్బతింటుంది. వారంటీ ఉన్నా సాధారణంగా ఏడాదే, అదీ కొన్న రసీదుతో కంపెనీకి పంపాలి. హనుమకొండ నుంచి అమెరికాకు విరిగిన బ్యాట్ ఎవరు పంపుతారు?

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటుంది. మన గ్రౌండ్లలో బెంచీ మీద పెట్టిన బ్యాట్ అందరిదీ. డాలస్ నుంచి వచ్చిన బ్యాట్ అని తెలిసిన మరుక్షణం "ఒక్కసారి ఇవ్వవా అక్కా" మొదలవుతుంది. ఇవ్వకపోతే అమెరికా బ్యాట్ వచ్చినంక అక్కకు గీర వచ్చిందంటారు. ఇస్తే తొంభై కిలోల మనిషి దాని కొసతో కొట్టి పగలగొడతాడు, సారీ అక్కా అంటాడు. మీరు ఏదీ అనలేరు, ఇంట్లో ఆ మాట చెప్పలేరు కూడా. మీరు గట్టిగా కాదనగల మనిషైతే ఈ దారి మీదే. వారం వారం అడుగుతున్న సార్‌కు ఇంతవరకు కాదనలేకపోయారు కాబట్టి నాకు అనుమానం.

ఇంకొక సంగతి, ఇది మీ ఒక్కరిది కాదు. ఖరీదైన బ్యాట్ అంటే బంతిని వేగంగా పంపే బ్యాట్. అమెరికాలో స్లో పిచ్ బ్యాట్లకు ఈ వేగం మీద హద్దు పెట్టారు, ఒక ప్రధాన సంస్థ లెక్కలో అది గంటకు 98 మైళ్లు. పిచ్చర్ 50 అడుగుల దూరంలో నిలబడతాడు. ఆ వేగంతో తిన్నగా వస్తే బంతి అతణ్ని చేరడానికి సెకనులో మూడో వంతు చాలు. మీ పిచ్చర్లలో ఎంతమందికి ముఖానికి మాస్క్ ఉంది? మీ ఆరు టీముల వాళ్లూ కూర్చుని ఏ బ్యాట్లు సరే, ఏ బంతి వాడాలి అని తేల్చుకున్నారా? తేల్చుకోకపోతే ముందు ఆ మాట ఎత్తండి. స్లో పిచ్ కాంపోజిట్లు కాస్త మెత్తటి బంతి కోసం చేస్తారు, దాని మీద సాధారణంగా బంతి ఎంత ఎగురుతుందో, ఎంత గట్టిదో చెప్పే 52, 300 అని రెండు అంకెలుంటాయి. ఫాస్ట్ పిచ్ బంతులు అంతకంటే గట్టివి, వాటి మీద 47, 375 ఉంటాయి. మీరు వాడే బంతి మీద ఏ అంకే లేకపోతే ఖరీదైన బ్యాట్‌ను దాని మీద ప్రయోగించడం డబ్బుతో జూదమే.

సార్ సంగతికి వస్తాను. ధర ఎక్కువని మాత్రం చెప్పకండి. ఎనిమిది వేలు ఎక్కువంటే ఆరంటారు, ఆరూ ఎక్కువంటే "వాయిదాల్లో ఇయ్యిరాదమ్మా" అంటారు. బేరం మొదలయ్యాక మధ్యలో లేవడం కష్టం. మా అన్న తెస్తున్నాడనీ చెప్పకండి, "అయితే నాకూ ఒకటి తెప్పించు" అంటారు, ఇక మీ అన్న సూట్‌కేసులో పిల్లల చాక్లెట్లకు కూడా చోటుండదు. కొన్నాళ్లు వాడి చూస్తానని తీసుకోవడం అన్నిటికంటే ప్రమాదం, మీ చేతిలో పగిలితే కొనకుండానే ఎనిమిది వేలు కట్టినట్టవుతుంది. బేరానికి లొంగని కారణం మీ ఒళ్లే. "సార్, నేను తూచి చూసుకున్నా, 26 ఔన్సులు దాటితే నా భుజం ఒప్పుకోవట్లేదు. మంచి బ్యాట్, నా చేతిలో పాడైపోతుంది" అనండి. ఆఫీసులో కాదు, గ్రౌండ్‌లో, పక్కన ఎవరూ లేనప్పుడు. తర్వాత ఆయన మళ్లీ అడిగినా అదే మాట, అన్నే అక్షరాలు, కొత్త కారణం కలపకుండా.

టీమ్ అంతా తలా కొంత వేసుకుని ఆ బ్యాట్ కొనడం ఇంకో మార్గం, మీకూ తోచే ఉంటుంది. సార్ సంతోషిస్తారు, మీ మీద బరువు తగ్గుతుంది. కానీ అది పగిలిన రోజు ఎవరి చేతిలో పగిలిందన్న పంచాయితీ మీ ఆఫీసు దాకా వస్తుంది. నేనైతే ఆ ఆలోచన నోటితో అనను, వేరెవరైనా అంటే అడ్డుపడను.

ట్రాన్స్‌ఫర్ల కాలంలో ఆయన మనసులో పెట్టుకుంటారేమోనని ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశారు. ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుసు, నాకు తెలియదు. పాత బ్యాట్ కొననందుకు కక్ష కట్టే మనిషైతే, కొన్నా రేపు ఇంకోటి అమ్ముతారు. ఆ భయం నిజమే అనిపిస్తే దారి ఒకటుంది. వచ్చే సీజన్‌కు మరో టీమ్‌లోకి మారండి. ఆరు టీములున్నాయి. కాలనీ వాళ్ల టీమ్ అయితే ఎవరూ అడగరు, ఆఫీసూ ఆటా వేరవుతాయి. ఇప్పటి తోటి ఆటగాళ్లు దూరమవుతారు, అదీ లెక్కలో వేసుకోండి.

మీ వారి "కట్టె" మాటకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. ఆట గురించి అన్న మాటయితే నొచ్చుకోవాల్సిందే. ముప్పై వేల గురించి అన్నదైతే నేను ఆయన పక్షం. ఏదో ఒక ఆదివారం ఆయన్ను గ్రౌండ్‌కు తీసుకెళ్లి సుద్ద పూసిన బంతి మీకు వేయమనండి.

అన్నను మాత్రం వద్దనకండి. దూరాన ఉన్న అన్న పండక్కి చెల్లెలికి ఏదో తేవాలనుకున్నాడు, వద్దంటే బ్యాట్ కాదు, తననే వద్దన్నట్టు వినిపిస్తుంది. అడిగేది మార్చండి. వంద డాలర్ల లోపు అలాయ్ (అల్యూమినియం) బ్యాట్లలో 33 అంగుళాలు, 24 లేదా 25 ఔన్సుల బ్యాలన్స్‌డ్ రకం దొరుకుతుందేమో చూడమనండి. అది తెస్తే బెంచీ మీద పెట్టినా మీ గుండె ఆగదు. నెల రోజుల సుద్ద పరీక్షలో బ్యాట్‌తో మీకు పేచీ లేదని తేలితే, 52, 300 అంకెలున్న బంతులు ఒక డజను తెమ్మనండి. రెండు కిలోల పైచిలుకు బరువు, మీ ఆరు టీములకూ పనికొస్తాయి. బ్యాట్‌ను విమానంలో చేతి సామానుతో రానివ్వరు, చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, పెద్ద సూట్‌కేసులో కూడా మూలగా పెడితే గానీ పట్టదు. అది కూడా ముందే రాయండి, లేకపోతే డాలస్ ఎయిర్‌పోర్టులో చెత్తబుట్ట పాలవుతుంది. ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీల నకిలీ బ్యాట్లు బోలెడు తిరుగుతాయి, సగం ధరకు కనిపించిన లింకులు పంపకండి, కొట్టుకు వెళ్లి చేత్తో పట్టి చూసి కొనమనండి.

పాపకు మీ బ్యాట్ ఇవ్వకండి, ఏది కొన్నా సరే. పదకొండేళ్ల పిల్ల 33 అంగుళాల బ్యాట్ తిప్పితే బ్యారెల్ కిందికి వేలాడేసి కొట్టడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం ఏ పీఈటీ సార్ వల్లా కాదు. తనకు 28 నుంచి 30 అంగుళాలది, తేలికది, వేరే ఉండాలి. తను స్కూల్లో ఆడబోయేది ఫాస్ట్ పిచ్, మీ పాత ఆట. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి మళ్లీ వస్తున్నదీ అదే. అన్న సూట్‌కేసులో ఒకే ఒక్క బ్యాట్‌కు చోటుంటే, 30 అంగుళాలది పెట్టమనండి. అదైతే సర్దడమూ తేలికే.